బీరువాలో పెట్టి తాళం వేసిన వైఫై

ఒక పసిబిడ్డ తలమీది జుట్టు వాళ్ళ నాయన కంట పడకుండా చేసిన ఘనుణ్ణి నేను. కత్తి పట్టలేదు, కత్తెర పట్టలేదు. మదనపల్లెకు పోయి ఒక డబ్బా కొనుక్కొచ్చాను, అంతే. ఆ డబ్బాతో ఇంటర్నెట్ వేగం పెంచబోయి పుంగనూరులో మా పక్కింటివాళ్ళను ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి. నవ్వేవాళ్ళలో మా ఆవిడ సరోజ ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది కాబట్టి, మీకు వెనక వరసలో చోటు దొరుకుతుంది.

నేను ఏడో తరగతితో బడి మానేసి, చింతపండు మండీలో కూర్చుని లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. వీధిలో నా పేరు లెక్కలప్ప. అసలు పేరు రేషన్ కార్డుకు మాత్రమే తెలుసు. కొలవకుండా, కూడకుండా ఏ పనీ మొదలుపెట్టను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. నేను దొంగలు పడడానికి ఆరు నెలల ముందునుంచే మొరిగే రకం. మిగతావాళ్ళను అజాగ్రత్త ముంచుతుంది, నన్ను జాగ్రత్తే ముంచింది.

సెల్‌ఫోన్లో మనుషుల బొమ్మ కనబడే కాలం ఇంకా రాలేదప్పుడు. మా ఇంట్లో ఇంటర్నెట్ టెలిఫోన్ తీగలో వచ్చేది. తీగకు మోడెం, మోడెంకు ఇంకో తీగ, దాని చివర కంప్యూటర్. కట్టుకొయ్యకు కట్టేసిన ఆవు మాదిరి అది బల్ల దాటి పోయేది కాదు. నాకు అది చాలు.

పక్కింట్లో హసీనాబీ కూతురు షమీమ్ పురిటికి వచ్చి మగబిడ్డను కన్నది. అల్లుడు ఖాదర్ కువైట్‌లో ఒక సేటు దగ్గర డ్రైవరు. బిడ్డ గుప్పెడు జుట్టుతో పుట్టాడు. వాళ్ళలో బిడ్డకు పుట్టుజుట్టు తీసే వేడుక ఏడో రోజు చేస్తారు. బిడ్డకు ఒంట్లో బాగాలేక అది ఇరవై ఒకటో రోజుకు మారింది. ఆ రోజు ఆదివారం. చుట్టాలకు చెప్పేశారు, పొట్టేలును కూడా తెచ్చి కట్టేశారు. ఖాదర్‌కు ఒకటే కోరిక: జుట్టు తీసేలోపల బిడ్డను ఒక్కసారి చూడాలి. వాడికి తీరిక దొరికేది శుక్రవారం మధ్యాహ్నం మాత్రమే. అదీ స్నేహితుడి గదిలో కంప్యూటర్ ముందు.

ఫోటో తీసి పంపుదామన్నాను. హసీనాబీ ఒప్పుకోలేదు. "ఫోటో అంటే పదిమంది సేతుల్లో పడతాదప్పా, దిష్టి. నాయన సూస్తే దిష్టి తగలదు, సూడనీ." సరే, మా ఇంటికి రమ్మంటే, నలభై రోజులు నిండేదాకా బాలింతా బిడ్డా గడప దాటకూడదు. ఆమె దగ్గరికే కంప్యూటర్ పోవాలి. తీగ అంత దూరం పోదు. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "తీగ యాల? గాల్లో పంపిస్తా."

మదనపల్లెలో కొత్త మోడెం కొన్నాను. రెండు కొమ్ములున్నాయి, తీగ లేకుండా ఇల్లంతా ఇంటర్నెట్ చల్లుతుందట. అట్టపెట్టె మీద రాసిన వేగాన్ని నా పాత కనెక్షన్ వేగంతో భాగించాను. రెండు వందల రెట్లు పైన వచ్చింది. బస్సు దిగి ఇంటికి చేరేలోపల వీధిలో అందరికీ ఆ అంకె చెప్పాను. (ఆ పెట్టెమీది వేగం ఇంట్లో గాలికి సంబంధించిందనీ, బయటినుంచి వచ్చే తీగ ఎప్పటి మాదిరే నత్తనడక నడుస్తుందనీ తర్వాత తెలిసింది. తూము ఎంత వెడల్పు చేస్తే ఏం, చెరువులో ఉన్న నీళ్ళే వస్తాయి.)

బొమ్మ పంపడానికి కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. కుప్పంలో ఉండే మా బామ్మర్ది మురళిని పిలిపించాను. గురువారం సాయంత్రం దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు. డబ్బాను మా పడకగదిలో పెట్టి, అక్కణ్ణుంచి షమీమ్ మంచం దాకా టేపుతో కొలిచాను. అట్టపెట్టె మీద రాసిన దూరంలో పదో వంతు కూడా లేదు. మురళి ల్యాప్‌టాప్ పట్టుకుని హసీనాబీ వరండాలో నిలబడి చూశాడు. నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి. లెక్క కుదిరింది.

ఇక్కడ నా జాగ్రత్త నిద్రలేచింది. పగలంతా మా ఇంట్లో మనుషులు వచ్చిపోతుంటారు. ఎలుకలున్నాయి. అంత ఖరీదైన వస్తువు బయట ఉండాలా? ఇంట్లో విలువైనదంతా ఇనుప బీరువాలోనే ఉంటుంది కదా, ఇది మాత్రం ఏం పాపం చేసింది? తీగలు పోవడానికి బీరువా వెనక చిల్లి కొట్టాను. అది సరోజ పుట్టింటివాళ్ళు ఇచ్చిన బీరువా. ఆమె చిల్లిని చూసింది, నన్ను చూసింది, చిల్లిలో వేలు పెట్టి చూసింది. పెళ్ళైన మగవాళ్ళకు అది తిట్టుకంటే ఎక్కువని తెలుసు. డబ్బాను చీరల పక్కన కూర్చోబెట్టి, శుక్రవారం పొద్దున తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

మధ్యాహ్నం అందరం పక్కింట్లో చేరాము. షమీమ్ బిడ్డకు కొత్త చొక్కా వేసి, జుట్టుకు కొబ్బరినూనె రాసి, పక్కపాపిడి తీసింది. మురళి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"బావా, ఒక్క గీత కూడా లేదు."

అంతలో ఖాదర్ ఫోన్ చేశాడు. "అన్నా, నేను ఈడ కూర్చోనుండా. నీ పేరు పక్కన పచ్చ చుక్క రాలేదే."

"వస్తాండాది, వస్తాండాది," అన్నాను.

మా ఇంటికి పరిగెత్తాను. బల్లమీది పాత కంప్యూటర్‌లో ఇంటర్నెట్ బాగానే ఉంది. దానికి తీగ ఉంది కదా! నాకు అది తట్టలేదు. డబ్బా పని చేస్తోంది, నిన్న వరండాలో గీతలు వచ్చాయి, కాబట్టి తప్పు షమీమ్ గది గోడదని తేల్చేశాను. రెండడుగుల మట్టిగోడ. గాలి దాని పైనుంచి రావాలి కాబట్టి మురళిని ప్రహరీ గోడ ఎక్కించాను. వాడు ల్యాప్‌టాప్‌ను తలమీద ఎత్తి పట్టుకుని ఉట్టి కొట్టేవాడిలా తిరిగాడు. తర్వాత అటక ఎక్కించాను. తర్వాత బావి గట్టు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా సిగ్నల్ బీరువానే గెలవలేదని నాకేం తెలుసు?

తీగ పీకి ల్యాప్‌టాప్‌కే పెట్టుకుందాం, బిడ్డను మన ఇంటికి తెమ్మను అన్నాడు మురళి. హసీనాబీ గడపకు అడ్డంగా కూర్చుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "లెక్కలప్పా, రెండు వందల రెట్లంటివే. ఒక్క రెట్టు వచ్చినా సాలప్పా," అంది.

షమీమ్ బిడ్డకు మూడోసారి పాపిడి తీస్తోంది. ఆ దువ్వెన చూడలేక నేను పక్కకు తిరిగి వేంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. స్వామీ, ఈ డబ్బాలో బొమ్మ వస్తే నా తలనీలాలు నీకు.

ఫోన్లో ఖాదర్ గొంతు తగ్గింది. "అన్నా, మా సేటు బండి తియ్యమంటాండాడు. పోవాల. పర్వాలేదులే. జుట్టు ఉంగరాలా, సాపా, అదొక్కటి సెప్పమనన్నా."

ఫోన్ షమీమ్‌కు ఇచ్చాను. ఆమె బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, చూసి చూసి చెప్పింది: ముందర సాపు, వెనక మెడకాడ ఉంగరాలు, ఎడమ చెవి పైన ఒక సుడి. నేను బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక సరోజ తాళంచెవి అడిగింది. ఆదివారం వేడుకకు బిడ్డకు ఇవ్వాలనుకున్న వెండి గిన్నె బీరువాలో ఉంది. తలుపు తీసింది. గోడ అవతలినుంచి మురళి కేక వేశాడు.

"బావా, నాలుగు గీతలు!"

ఆమె తలుపు మూసింది. "పోయింది!" తెరిచింది. "వచ్చింది!"

సరోజ చీరల మధ్య మినుకుమినుకుమంటున్న డబ్బాను చూసి, "తాళం చీరలకనుకుంటి. గాలికి గూడా వేస్తివా?" అంది. దూరం కొలిచాను, వేగం భాగించాను. నా చేత్తో నేనే మూసిన ఇనుప తలుపును మాత్రం లెక్కలో వేసుకోలేదు. కువైట్‌కు ఫోన్ చేశాము. ఖాదర్ అప్పటికే బండిలో ఉన్నాడు.

ఆదివారం జుట్టు తీశారు. ఆ జుట్టు తూకానికి సరిపడా వెండి పేదలకు ఇవ్వడం వాళ్ళ ఆచారం. తూకం అంటే వీధిలో నేనే కాబట్టి హసీనాబీ జుట్టును కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. కంసాలి దుకాణంలో విప్పాను. నూనె వాసన ఇంకా ఉంది. తక్కెడ పళ్ళెం కదిలిందో లేదో తెలియనంత తేలిక. ఇన్నేళ్ళలో ఎన్ని బస్తాలు తూచానో, దేన్నీ ఇలా మూడుసార్లు తూచలేదు. వాళ్ళ నాయన అడిగిన ఉంగరాలు నా అరచేతిలో ఉన్నాయి.

ఇంక నా మొక్కు సంగతి. బొమ్మ వస్తే అన్నాను గానీ, ఎప్పుడు వస్తే అని అనలేదు. గీతలు వచ్చాయంటే బొమ్మా వచ్చినట్టే, కాబట్టి నేను బాకీ పడ్డాను. దేవుడితో లెక్క తప్పితే ఇంకెవరు నమ్ముతారు? మంగళవారం తిరుమల పోయి గుండు చేయించుకున్నాను.

మరుసటి శుక్రవారం బీరువా తలుపు బార్లా తెరిచి పెట్టాము. సరోజ చీరలన్నీ వీధికి కనబడుతున్నాయి. పచ్చ చుక్క వచ్చింది, ఖాదర్ వచ్చాడు. షమీమ్ బిడ్డను ఎత్తి చూపింది, నున్నటి గుండు మీద గంధం. కెమెరా సరిచేయడానికి నేను ముందుకు వంగాను. ఖాదర్ బిడ్డ గుండును చూశాడు, నా గుండును చూశాడు, నెత్తిమీది టోపీ మెల్లగా తీశాడు. కువైట్ నీళ్ళకు వాడి తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు.

"మీసాలు లేనోడు నా కొడుకు గదన్నా?" అన్నాడు.

హసీనాబీ కూడా నవ్వింది. వాడూ నవ్వాడు, నవ్వుతూనే టోపీ కొనతో కళ్ళు ఒత్తుకున్నాడు.

నా జుట్టు మళ్ళీ వచ్చింది. బిడ్డకూ వచ్చింది, కానీ అది రెండో కాపు. మొదటిది తండ్రి చూడలేదు, నేను తూచాను. అందుకే ఏడుకొండలవాడి సాక్షిగా, సరోజ పుట్టింటి బీరువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గాల్లో పోవలసినదానికి ఈ జన్మలో తాళం వెయ్యను. ఇప్పుడు మా ఇంట్లో ఆ డబ్బా కిటికీలో, దొంగలకు కనబడేటట్టు ఉంటుంది. బీరువా చిల్లికి మాత్రం సరోజ ఇంతవరకు మూత వెయ్యనివ్వలేదు. నేను నోరు తెరిచి ఏదైనా అంకె చెప్పబోతే చాలు, దానివైపు చూస్తుంది.