విల్ఫ్ సగ్డెన్ బెజ్జాలు

విల్ఫ్ సగ్డెన్ చేతికి ఏ వస్తువిచ్చినా దానికి బెజ్జాలు పడతాయి. బరువు తగ్గించడానికి. లోకంలో ప్రతి వస్తువులోనూ అనవసరమైన బరువు కొంత ఉంటుందని ఆయన నమ్మకం. అది తీసేసేదాకా మనిషికి స్థిమితం ఉండదు. బెల్టుకు ఎలాగూ ఉన్న ఐదు కాక మరో నలభై బెజ్జాలు. పళ్ళు తోముకునే బ్రష్షు పిడికి వరసగా ఆరు. ఇంటి గేటుకైతే ఎన్ని కొట్టాడంటే, గాలి వీస్తే అది ఈల వేస్తుంది. ఎవరో పిలుస్తున్నారనుకుని పోస్టుమాన్ రెండుసార్లు వెనక్కి వచ్చాడు.

ఒకనాడు ఆయన భార్య ఎడ్నా సూపు గరిటె పట్టుకుని వీధిలోకే వచ్చేసింది.

"ఏమయ్యా, దీంతో సూపెలా పొయ్యను?"

"చిక్కగా వండు, ఎడ్నా."

రెండిళ్ళ అవతల ఉండే డోరీన్ అది విని, నవ్వు ఆపుకోలేక తలుపేసుకుంది.

విల్ఫ్ నూలు మిల్లులో మగ్గాల మెకానిక్కు. ఆదివారాలు మాత్రం హాగ్‌డెన్ గుట్ట మీద ఉంటాడు. అల్యూమినియం గొట్టాలకు గుడ్డ బిగించిన రెక్కను భుజాల మీద మోస్తూ, గుట్ట అంచుదాకా పరిగెత్తి గాల్లోకి దూకే పిచ్చివాళ్ళు ఆ ఊళ్ళో పదిహేను మంది. డోరీన్ పని వాళ్ళకు టీ కాచి పొయ్యడం, రెక్క ముందు తీగలు పట్టుకుని నిలబడటం. గాలి సరిగ్గా వచ్చేదాకా పట్టుకుని, "పో!" అని అరిచి, గడ్డిలో బోర్లా పడుకోవాలి. రెక్క ఆమె మీదుగా వెళ్ళిపోతుంది.

చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడింది. తొడనుంచి బూటుదాకా ఇనప ఊత. ఐదేళ్ళలో కొన్ని వందల సార్లు ఎవరెవర్నో గాల్లోకి వదిలింది. తనకూ ఎగరాలని ఉండేది. ఎవరికీ చెప్పలేదు. పరిగెత్తలేని మనిషి ఎగరడం గురించి మాట్లాడితే వినేవాళ్ళ ముఖాలు అదోలా అయిపోతాయి. ఆ ముఖాలు చూడటం ఆమెకు ఇష్టం లేదు.

1979 వేసవిలో అందరికీ ఇంజన్ల జబ్బు పట్టుకుంది. గాలి కోసం గుట్ట మీద కూచునే బదులు, చెట్లు కోసే రంపం ఇంజను రెక్కకు తగిలిస్తే చదును నేల మీంచే లేవచ్చని ఎక్కడో ఎవరో చేసి చూపించారట. మాంసం కొట్టు బర్నీ క్లెగ్ వీపుకు ఇంజను కట్టుకుని పరిగెత్తడం మొదలెట్టాడు. విల్ఫ్ మాత్రం రెక్క కింద మూడు చక్రాలు, ఒక కుర్చీ వేలాడదీశాడు.

"చక్రాలుంటే అది బండి, విల్ఫ్. పాలు పోసుకోడానికి బావుంటుంది," అన్నాడు బర్నీ.

"పాలు బరువు," అన్నాడు విల్ఫ్.

చక్రాలూ కుర్చీ మోయడానికి ఆ ఇంజనుకు శక్తి చాల్లేదు. అంతే, డ్రిల్లు ఊరుకోలేదు. గొట్టాలకు, పట్టీలకు, చక్రాలకు, చివరికి బోల్టు తలకాయలకు కూడా బెజ్జాలు. ఒకరోజు డోరీన్ చూస్తుండగానే ఆ కుర్చీలో కూచున్నాడు. కుర్చీ ఫెళ్ళున విరిగింది. గడ్డిలో కూచునే చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

"దెబ్బ తగిలిందా, సగ్డెన్ గారూ?"

"తగిలింది. పద్దెనిమిది బెజ్జాలు ఎక్కువ. పదిహేడు చాలు."

ఆగస్టులో పోటీ ఉంది, ఒక చిన్న డబ్బా పెట్రోలుతో ఎవరు ఎక్కువ దూరం ఎగురుతారో అని. బర్నీని ఓడించడానికే ఈ ముసలాయన చెంచాల దగ్గర్నుంచి చిల్లులు పొడుస్తున్నాడని ఊరంతా తేల్చేసింది. తీరా ఆ ఆదివారం విల్ఫ్ రానే లేదు. బర్నీ గెలిచాడు. విల్ఫ్ బండి జల్లెడై కుప్పకూలి ఉంటుందని అతను చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. డోరీన్‌కు ఒళ్ళు మండింది. టీ కెటిల్ అక్కడే వదిలేసి, విల్ఫ్ బండి ఉంచే మిల్లు వెనక పచ్చికలోకి కాలీడ్చుకుంటూ వెళ్ళింది.

విల్ఫ్ అక్కడ తాపీగా రెక్క తుడుస్తున్నాడు.

"అక్కడ మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు! ఎందుకు రాలేదు?"

"ఇక్కడ గాలి నెమ్మదిగా ఉంది." ఆయన కొక్కెం త్రాసు తీసి ఆమె కాలికేసి చూశాడు. "ఆ ఇనుము..."

డోరీన్ రెండడుగులు వెనక్కేసింది. "చచ్చినా ఇవ్వను. మీ గేటులాగ ఈల వేసుకుంటూ నడవాలా నేను?"

"అక్కర్లేదు. దాని తూకం నాకు తెలుసు. ఐదు పౌన్ల ముప్పావు. పోయినేడు మోకాలి దగ్గరి బందు బాగుచెయ్యమని ఇచ్చావే, అప్పుడు చూశాను."

అప్పుడు తట్టింది డోరీన్‌కు. ఆ ఇనుము ఆయన దగ్గర వారం ఉంది. ఒక్క బెజ్జం లేకుండా తిరిగొచ్చింది.

విల్ఫ్ ఒక బిస్కెట్ల డబ్బా కొక్కేనికి తగిలించాడు. దాన్నిండా బండికి బెజ్జాలు కొట్టగా రాలిన అల్యూమినియం రజను, మెరుస్తూ. ముల్లు ఆరు దగ్గర ఆగింది.

"డబ్బాకు పావు పోతే సరిగ్గా ఐదూ ముప్పావు. ఈ ఇంజను నన్ను లేపుతుంది. నువ్వూ నేనూ దాదాపు ఒకే బరువు. నువ్వు కూచున్నప్పుడు బల్ల వంగడం చూసి చెప్పగలను."

"సగ్డెన్ గారూ!"

"తేడా అల్లా ఆ ఇనుమే. దాన్ని ముట్టుకోకూడదు, అది నిన్ను మోసేది. అందుకని మిగతావాటిలో తీశాను. ఎంతవరకు తీయచ్చో తెలియాలి కదా, ఎడ్నా చెంచాలు వాడుకున్నాను." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "చక్రాలున్నాయి. పరిగెత్తక్కర్లేదు."

డోరీన్ బండి చుట్టూ తిరిగి, వేలితో బెజ్జాలు తడిమింది. ఆయన తొందర పెట్టలేదు, రెక్క తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. చివరికి ఆమె ఊత సర్దుకుని కుర్చీలో కూచుంది. కుర్చీ విరగలేదు.

"రెండు చేతులూ రెక్కను తిప్పే ఈ కడ్డీ మీదే ఉండాలి. ఇంజను నోటితో నడపాలి," అని తీగ కట్టిన బట్టల క్లిప్పు అందించాడు. "కొరికితే వేగం. వదిలితే ఆగుతుంది. భయమేస్తే అరిచెయ్, క్లిప్పు జారి అదే దింపేస్తుంది. కంచె దాటద్దు."

ఇంజను గీపెట్టింది. డోరీన్ క్లిప్పు కొరికింది. బండి గడ్డి మీద ఎగిరెగిరి పడుతూ పరిగెత్తింది. ఉన్నట్టుండి ఆ ఎగిరిపడటం ఆగింది. కిందికి చూస్తే ఒక ఆవు వీపు. ఆవు ఎప్పుడూ పక్కనుంచే కనబడే జంతువనుకుందామె ఇన్నాళ్ళూ.

అంతలో ఇంజను ఆగిపోయింది. రెక్క మెల్లగా జారుకుంటూ వచ్చి గడ్డిలో కూచుంది. విల్ఫ్ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? భయపడ్డావా?"

డోరీన్ తల అడ్డంగా ఊపింది. క్లిప్పు ఒళ్ళో పడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"నవ్వానండీ," అంది. "నవ్వితే నోరు తెరుచుకుంది."

విల్ఫ్ ఈ ఇబ్బందిని లెక్కలోకి తీసుకోలేదు. గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. బండిని వెనక్కి తిప్పి, క్లిప్పు తుడిచి ఆమెకిచ్చాడు.

"మళ్ళీ వెళ్ళు. ఈసారి విచారంగా ఎగురు."

డోరీన్ బుద్ధిగా ప్రయత్నించింది. పచ్చిక సగందాకా విచారంగానే వెళ్ళింది.