మూడు వస్తువుల ఆట

మా చిన్నప్పుడు... వేటపాలెంలో వేసవి సెలవులకి మాకొక ఆట ఉండేది. దానికి బంతి అక్కర్లేదు, గోళీలు అక్కర్లేదు... మా నాగమణి అత్త ఉంటే చాలు.

అత్త మా నాన్నకి అక్క. భర్త పోయి అప్పటికి పదేళ్ళపైనే అయింది. అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉండేది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరేది. గుండు పప్పు ఒక పళ్ళెంలోకి, విరిగిన బద్ద ఇంకో పళ్ళెంలోకి... చూడకుండానే విసిరేది. ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, నాకు జడ వేస్తూ, తమ్ముడిచేత ఎక్కాలు చెప్పించుకుంటూ, వీధిలో పాలవాడితో పోట్లాడేది.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆ అత్త నెమ్మదించింది. కారణం ఏమీ లేదు. ఎవరూ పోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. కత్తిపీట ముందు ఉల్లిపాయ పెట్టుకుని కూర్చునేది... అరగంట తర్వాత చూసినా ఉల్లిపాయ అలాగే ఉండేది. స్నానానికని లేచి, ముందు చీర తీసుకోవాలో నీళ్ళు తోడుకోవాలో తేలక వసారాలో నిలబడిపోయేది.

"ఒళ్ళు వంగక వేసే వేషాలు" అని తేల్చేసింది మా నాయనమ్మ. సొంత కూతుర్ని.

ఆట కనిపెట్టింది మాత్రం నేనే.

"అత్తా, దొడ్లోంచి కరివేపాకు, గూట్లోంచి అగ్గిపెట్టె, దండెం మీది నా రిబ్బను తెచ్చిపెట్టవా?"

అత్త లేచేది. దొడ్డివైపు రెండడుగులు వేసి ఆగేది. గూటివైపు తిరిగేది. అప్పుడు కిటికీ వెనకనుంచి తమ్ముడు అరిచేవాడు... "కాదత్తా, ముందు రిబ్బను!" అంతే. చేతులు వేలాడేసుకుని ఇంటి నడిమధ్య నిలబడిపోయేది. మేం లెక్కపెట్టేవాళ్ళం. వందలోపు కదిలితే తమ్ముడు గెలిచినట్టు, దాటితే నేను. ఎక్కువసార్లు నేనే గెలిచాను.

అమ్మ ఒకసారి చూసింది. కోప్పడుతుందనుకున్నా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం అత్తకి క్యారేజీ ఇవ్వడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. మిగతా ఆడవాళ్ళు గబగబా ఏరేస్తున్నారు. అత్త అరచేతిలో ఒక్కటే పప్పు ఉంది. రెండు పళ్ళాలకేసీ మార్చి మార్చి చూస్తోంది. మేస్త్రీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏందమ్మా, ఆ పప్పుకి పెళ్ళిచూపులా?"

"గుండో బద్దో తెలుస్తానే ఉందండీ... చెయ్యి ఎటు వెయ్యాలో తేలట్లేదు" అంది అత్త.

అందరూ పగలబడి నవ్వారు. అత్త తలెత్తి చూసింది. గుమ్మంలో నేను... నేనూ నవ్వుతున్నాను.

"రేపట్నించి రామాకమ్మా" అన్నాడు మేస్త్రీ.

సాయంత్రం అందరూ వసారాలో కూర్చున్నప్పుడు, అత్త మేస్త్రీతో అన్న మాటని అత్త గొంతుతో, అత్త చూపుతో అనుకరించి చూపించాను. ఎంత నవ్వారో! నాన్న కూడా. అత్త అక్కడే ఉంది, టీ గ్లాసు పట్టుకుని. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు కాస్త తటపటాయించినా "ఏం, చెయ్యి ఎటు వెయ్యాలో తేలట్లేదా?" అనడం మామూలైపోయింది.

ఏడాది గడిచింది. కంచం ముందు కూర్చుని అన్నం కలపడం కూడా మానేసినప్పుడు, నాన్న అత్తని ఒంగోలులో డాక్టరుకి చూపించాడు. డిప్రెషన్ అన్నాడట ఆయన. అది దిగులుతో ఆగదనీ, ఆలోచనని కూడా పట్టుకుంటుందనీ, ఏది ముందు ఏది తర్వాత అని తేల్చుకోవడమే కొండంత పనవుతుందనీ చెప్పాడట. మాత్రలు రాసిచ్చాడు. కొన్ని నెలలకి అత్త మెల్లగా తేరుకుంది.

నాయనమ్మ సంతోషించలేదు. "మాత్రకి పోయిందంటే ఇన్నాళ్ళూ నాటకమేగా?" అంది.

ఒకరోజు నాకు జడ వేస్తూ అత్త తనంతట తనే మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పిన మూడూ గుర్తుండేయే. ముందు దేనికి పోవాలో తేలక నిలబడేదాన్ని. మీరు లెక్కపెట్టటం వినపడతానే ఉండేది."

"మరి తిట్టలేదేం అత్తా?"

"తిట్టాలన్నా ఎక్కడ మొదలెట్టాలో తెలియాలి గదే."

క్షమించమని నేను అడగలేదు. ఏం చెయ్యాలో తెలియక... మళ్ళీ నవ్వాను. అత్త చేతులు నా జడలో ఒక్క క్షణం ఆగాయి. తర్వాత జడ గట్టిగా బిగించి, లేచి వెళ్ళిపోయింది. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఫ్యాక్టరీకీ మళ్ళీ వెళ్ళలేదు. అత్త పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు చీరాల వెళ్తే మనసు డాక్టర్ల బోర్డులు కనిపిస్తున్నాయి. మా అమ్మాయి స్కూల్లో దీని గురించి పాఠమే చెప్పారు. మొన్న అది మంచం దిగనని మారాం చేస్తుంటే, ఫోన్లో మా తమ్ముడు "ఏంటే, డిప్రెషనా?" అని నవ్వాడు. నోటిదాకా వచ్చేసిన నవ్వుని నేను ఆపుకోలేకపోయాను... అప్పటికీ ఇప్పటికీ మారింది జబ్బు పేరు తెలియడం ఒక్కటే.

ఈ చిన్ననాటి కబుర్ల గ్రూపులో మామిడికాయలూ, ఏడుపెంకులాటా అందరూ రాస్తూనే ఉంటారు. మీరు చిన్నప్పుడు ఎవరిని చూసి నవ్వారో కూడా రాయండి... వాళ్ళింకా బతికే ఉంటే మాత్రం, ఇక్కడ రాసేముందు ఒకసారి వాళ్ళ దగ్గరికి వెళ్ళిరండి.