అత్త విమానం... అవ్వ చీపురు

మా చిన్నప్పుడు... తొంభైల చివర్లో, గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో మా ఇల్లంతా శెనక్కాయ పొట్టే! విత్తనాలకని ఊరి నుంచి మూటలు తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒలిచేవాళ్లం. ఇక మా ఊరి గాలి సంగతి చెప్పాలా... తలుపు తీస్తే చాలు, పొట్టు వంటింటి దాకా ఎగిరొచ్చేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్త, అంటే నాయన చెల్లెలు, కువైట్‌లో ఉన్న మామ దగ్గరికి బయల్దేరింది. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి విమానం. పొద్దున్నే పక్కింటి ఫోన్‌కి "విమానమెక్కుతాండా" అని కబురు చెప్పింది. అంతే... అవ్వ మా అమ్మ చేతిలో చీపురు లాక్కుంది!

ఊరెళ్లినవాళ్లు చేరేదాకా ఇల్లు ఊడ్వకూడదని మా అవ్వ పట్టింపు. అందులోనూ కూతురు ఒక్కతే సముద్రం దాటుతోంది. అవ్వ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎప్పుడు చేరుతాదిరా?" అని నాయన్ని అడిగింది.

నాయన గూడ్స్ గార్డు. నా అట్లాసు పరిచి దారంతో కొలిచాడు. గుంతకల్లు నుంచి బొంబాయి ఎంతో, బొంబాయి నుంచి కువైట్ దానికి మూడింతల పైమాటే. రైలయితే ఎన్ని గంటలో లెక్కేశాడు. విమానం కదా అని బాగా తగ్గించాడు... మళ్లీ కలిపాడు!

"మళ్లా ఎందుకు కలిపినావు నాయనా?" అన్నాను.

"గాల్లో మాత్రం క్రాసింగ్ ఉండదా ఏంది? ఎదురొచ్చే విమానానికి దారి ఇయ్యల్ల గదా! నడుమ యాడన్నా ఆపి డ్రైవర్ను మార్చల్ల... రేపు సాయంత్రమే పో!"

"అంతదాకా ఊడ్వకుంటే పొట్టులో మునిగిపోతామత్తా" అని అమ్మ మొత్తుకుంది.

"మునిగితే మునుగుదాంలే. ముందు నా బిడ్డ చేరనీ!"

ఎండ ఇంకా తగ్గనేలేదు... పక్కింటావిడ కేకేసింది, ఫోనని. అందరం పరుగో పరుగు.

"యాడుండావే?" అంది అవ్వ.

"కువైట్లోనేమా. అన్నం తింటాండా."

"అబద్ధాలు చెప్పొద్దు! మీ అన్న రేపంటాడే... విమానం తప్పిపోయిందా? బొంబాయిలోనే ఉండావా?" అవ్వ నిలదీసింది. అత్త ఎంత నవ్వినా నమ్మలేదు. "అయితే అల్లునికియ్యి ఫోను!"

అల్లుడి ఎదురుగా నిలబడి ఏనాడూ మాట్లాడని మనిషి! కొంగు తలమీదికి లాక్కుని ఫోన్ చెవికి ఆనించింది.

"చేరిందత్తా. నా ఎదురుగానే కూచోనుండాది" అన్నాడు మామ.

అవ్వ అక్కడే ఏడ్చేసింది... ఏడుస్తూనే నవ్వింది. నాయన మాత్రం ఫోన్ లాక్కుని, "నడుమ యాడా ఆపలేదా? క్రాసింగ్ కూడా పడలేదా?" అని ఒకటే ఆరా! ఆ తర్వాత చాన్నాళ్లు క్వార్టర్స్‌లో "ఏమప్పా గార్డూ, గాల్లో సిగ్నల్ పడిందా?" అని ఏడిపించారు పాపం.

ఆ సాయంత్రం అవ్వ చీపురు ఎవరికీ ఇవ్వలేదు. ఇల్లంతా తానే ఊడ్చింది.

ఇప్పుడు అవ్వ లేదు. మొన్న సెలవులకొచ్చిన అత్త తిరిగి కువైట్ వెళ్తుంటే, నా ఫోన్‌లో చిన్న విమానం బొమ్మ సముద్రం మీద కదులుతోంది. ఇంకెంత దూరమో, ఎప్పుడు దిగుతుందో అన్నీ అదే చెబుతోంది. నాయన కళ్లజోడు పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. దిగిపోయిందని చూపించినా కదల్లేదు.

"చేరినా అన్నా" అని అత్త గొంతు విన్నాకే లేచాడు... తలుపు వెనక దాచిన చీపురు తీశాడు.

మీ ఇళ్లల్లో కూడా ఎవరైనా ఇలా చీపురు దాచేవాళ్లా? చెప్పండి... నాయనకు చదివి వినిపిస్తాను.