జానెడు సముద్రం వైపు

మొన్న రాజాంలో కళ్లు చూపించుకుని శ్రీకాకుళం బస్సులో తిరిగి వస్తున్నాను. ఊరు దాటీ దాటకముందే బస్సు ఆగిపోయింది, ఎంతకీ కదలదే! అందరితో పాటు నేనూ దిగి చూద్దును కదా, చక్రాలు లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసేంత పొడవైన ట్రైలరు మీద ఇల్లంత చెక్కపెట్టె ఒకటి, మనిషి నడక కన్నా నెమ్మదిగా, కరెంటు తీగల్ని కర్రలతో పైకెత్తి పట్టుకున్నవాళ్ల మధ్య నుంచి వెళుతోంది. జనమంతా ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే, నేను మాత్రం ఆ పెట్టె పక్కన నల్లరంగుతో వేసిన గుండ్రని గుర్తునీ, దాని మధ్యలో కొట్టిన రెండు గీతల్నీ చూస్తూ ఉండిపోయాను. లోపలి బరువుకి నడిమధ్య ఇక్కడ అని చెప్పే గుర్తు అది. “తాతా, ఎక్కవేటి? బస్సెల్లిపోతాది!” అని కండక్టరు కసిరేదాకా నాకు ఒళ్లు తెలియలేదు.

ఆ గుర్తుతో నాకు నలభై ఏళ్ల పేచీ ఉంది. ఇప్పుడు ఓడ సరుకంటే అందరికీ ఇనప కంటైనర్లే తెలుసు, ఒకదాని మీద ఒకటి పేర్చడం, పోవడం. మేము చేసింది ఆ డబ్బాల్లో పట్టని సరుకు పని. బాయిలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఏ కర్మాగారానికో వచ్చిన యంత్రాలు, ఒక్కోటి ఒక్కో ఆకారం, ఒక్కోదానికి ఒక్కో మొండితనం. మాది కళింగపట్నం, ఓడలు రావడం ఎప్పుడో మానేసిన రేవు. వేట సరిగ్గా సాగని రోజుల్లో మావాళ్లు పన్నెండు మంది కుటుంబాలతో సహా దక్షిణాన ఉన్న పెద్ద రేవుకు పోయి కళాసీలుగా చేరారు. వాళ్లకి మేస్త్రీ మా మావ. అంటే మా అమ్మ తమ్ముడు, తర్వాత నాకు పిల్లనిచ్చిందీ ఆయనే. పదో తరగతి దాకా చదివిన నన్ను, మన గుంపులో కాయితం సదివేటోడు ఒకడుండాల అని ఆయనే వెంటబెట్టుకు పోయి, క్రేను డ్రైవరుకి చేత్తో సైగలు చేసే పనిలో పెట్టించాడు.

మావకి అక్షరమ్ముక్క రాదు. కానీ వల ఏ పక్కన పెడితే పడవ ఒరగదో చిన్నప్పుడే తెలిసినవాడు. ఎంత పెద్ద పెట్టె వచ్చినా ముందు చెక్కసుత్తి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చెవి ఒగ్గి తట్టుకుంటూ పోయేవాడు. తర్వాత వైరు తాళ్లు వేయించి, బెత్తెడు ఎత్తు మాత్రం లేపించి, అక్కడ ఆపించి, తాను నేలమీద బోర్లా పడుకుని పెట్టె అడుగున అవతలి వెలుతురు చూసేవాడు. రెండు కొసల్లోనూ వెలుతురు సమానంగా ఉంటే సరే, లేకపోతే దించి, తాళ్లు జరిపి, మళ్లీ మొదలు. ఆయన చొక్కా ముందు భాగం ఎప్పుడూ గ్రీజు మయమే, ఉతకలేక మా అత్త తిట్టిపోసేది. నవ్వుకునేవాళ్లం గానీ, అంత బరువు గాల్లో ఒరిగితే కిందవాళ్ల గతి ఏమిటో అందరికీ తెలుసు. ఆయన మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ మాలో ఒక్కడికి గోరు కూడా ఊడలేదు.

అలాంటి రోజుల్లో ఓ చెక్కపెట్టె వచ్చింది. ఓడ నుంచి జెట్టీ మీదికి దింపి ఉంది, మేము ట్రైలరు మీదికి ఎక్కించాలి. ఇంజనీరు కొత్తగా వచ్చినవాడు, మనిషి మంచివాడే, తొందరెక్కువ. ఈ బెత్తెడు లేపి చూడటాలు ఇక వద్దు, తాళ్లు ఎక్కడ వెయ్యాలో పెట్టె మీద రంగుతో గుర్తులున్నాయి, ఒక్క ఊపున లేపేయండి అన్నాడు. మావ అప్పటికే సుత్తితో తట్టి చూసి ఉన్నాడు. “ఆ గుర్తు తప్పు బాబూ. బరువు సముద్రం యేపు ఉన్నాది. తాళ్లు జానెడు అటు జరపాల” అన్నాడు. ఇంజనీరు కోప్పడలేదు. జేబులోంచి పెట్టె కొలతల కాగితం తీసి, మడత విప్పి, నా చేతిలో పెట్టాడు.

టేపు తెచ్చి కొలిచాను. కాగితంలో అంకెలకీ పెట్టె మీద రంగుకీ సరిపోయింది. తలెత్తితే మావాళ్లంతా నా మొహమే చూస్తున్నారు. నేను అనబోయే మాటతో మావ మేస్త్రీతనం నిలుస్తుందో పోతుందో అక్కడ తెలియనివాడు లేడు. ఎందుకైనా మంచిది, ఒక్కసారి బెత్తెడు లేపి చూద్దాం సార్ అని నేనంటే ఆ ఇంజనీరు కాదనేవాడు కాదేమో. ఆ మాట నోటిదాకా వచ్చిందో, అసలు రానేలేదో, ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఇప్పుడు చెప్పలేను. “కాయితం ప్రకారం గుర్తు సరిగ్గానే ఉన్నాది” అన్నాను. మీ అల్లుడే చెబుతున్నాడు కదయ్యా అన్నాడు ఇంజనీరు. మావ తలూపి తాళ్లు అందుకున్నాడు.

తాళ్లు గుర్తుల మీద వేసి, క్రేను వచ్చేలోగా అందరం టీకి వెళ్లాం. మావ రాలేదు, బీడీ కాల్చుకుంటానని అక్కడే ఉండిపోయాడు. తిరిగొచ్చాక నేను ముందు మూల నిలబడి సైగ చేశాను, పెట్టె లేచింది. ఒరగలేదు, వణకలేదు, సమంగా లేచి, సమంగా వెళ్లి ట్రైలరు మీద కూర్చుంది. ఇంజనీరు వచ్చి నా భుజం తట్టాడు. నాలుగు రోజులు పోయాక, వయసైపోయింది, ఇక ఊరికెళ్లిపోతానని మావ పని మానేశాడు. అప్పటికి ఆయనకి యాభై కూడా నిండలేదు. మేస్త్రీ పని నాకిచ్చారు.

అక్కడితో అయిపోతే బాగుండును. పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో, మా గుంపులో తాళ్లు విప్పే పని చేసిన బావ ఒకడు నన్ను పక్కకి లాగి, “ఒరే, ఆ దినం తాళ్లు గుర్తు మీద నేవురా. జానెడు సముద్రం యేపు ఉన్నాయి. నా సేత్తో నేనే ఇప్పినాను” అన్నాడు. అంటే మేము టీ తాగుతుండగా మావ ఒక్కడే గడ్డపారతో వైర్లు జరిపేశాడన్నమాట! నమ్ముదామంటే బావ ఆ పూట మందు మీదున్నాడు, పైగా మావంటే ప్రాణం, నేనంటే కొంచెం గిట్టదు. నమ్మొద్దనుకుంటే అబద్ధమాడే మనిషి కాదు. నా మటుకు నాకు వైరు సరిగ్గా రంగు మీదే ఉన్నట్టు జ్ఞాపకం. కానీ ఆ మాట విన్నాక, కళ్లు మూసుకుంటే ఒకరోజు వైరు రంగు మీద కనిపిస్తుంది, ఇంకోరోజు జానెడు పక్కన కనిపిస్తుంది. మీద ఉంటే మావ ఓడిపోయాడు. పక్కన ఉంటే ఆయన గెలిచిన పని నా పేరున చెల్లింది, నేను దాని మీద ముప్పై ఏళ్లు మేస్త్రీగిరీ వెలగబెట్టాను.

ఇక ఆగలేక కళింగపట్నం వెళ్లి మావనే అడిగాను. ఇసకలో ఎండుచేపలు తిరగేస్తున్నాడు. “పెట్టి లెగిసింది గదా, ఎవుడికీ దెబ్బ తగల్నేదు గదా, ఇంకేటి గావాలిరా నీకు?” అన్నాడు. జరిపినావా నేదా సెప్పు మావా అని పట్టుబట్టాను. ఆయన చేతిలో చేప పక్కన పెట్టి నావంక చూశాడు. “నువ్వు ఆ దినం కాయితాన్ని సూసి సెప్పినావా, ఇంజనీరు బాబుని సూసి సెప్పినావా? అది సెప్పు, ఇదీ సెప్తాను” అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఆయన పక్కన కూర్చుని నేనూ చేపలు తిరగేశాను. తర్వాత ఆయనా పోయాడు, బావా పోయాడు.

రాజాం నుంచి వచ్చిన సాయంత్రం, కవ్వళ్ల చేపలు కడుగుతున్న మా ఆవిడ దగ్గర మొదటిసారి ఇదంతా బయటపెట్టాను. ఆమె చెయ్యి కూడా ఆపలేదు. “మా అయ్య ఆ దినం పెందరాళే ఇంటికొచ్చీసి, అల్లుడు మేస్త్రీ అవుతాడు, కోడిని కొయ్యండి అనీసినాడు. నీకు తెల్దేటి?” అంది. ఆ రోజునా! అప్పటికి ఆయన పని మానేస్తానని ఎవరికీ చెప్పలేదు, ఇంజనీరు నా పేరు ఎత్తనేలేదు. కోడికూర తిన్నట్టు మాత్రం నాకు బాగా గుర్తు. నా భుజం తట్టిన రోజు కదా, అదంతా నా గొప్పేననుకుని, అడిగి మరీ మారు వడ్డించుకున్నాను.

ఇప్పుడు క్రేనులోనే ఓ తెర ఉంటుందట, బరువు ఎటుందో అదే చెప్పేస్తుందట. మంచిదే, మనుషులు క్షేమంగా ఇళ్లకి చేరుతారు. ఎవరూ జెట్టీ మీద బోర్లా పడుకోనక్కర్లేదు, ఏ అల్లుడూ కాగితానికీ మామకీ మధ్య నిలబడనక్కర్లేదు. మా గుంపులో నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు, తాళ్లు ఎక్కడున్నాయో నాకిక ఎప్పటికీ తెలియదు. మావ అడిగినదానికి మాత్రం, ఆ కోడికూర తలుచుకుంటే, ఇన్నాళ్లకి జవాబు తెలిసింది. ఇంజనీరుని చూసే చెప్పాను మావా. చెబుదామంటే నువ్వు లేవు.