గాజులు ఎక్కని చెయ్యి

పిల్లలూ, నా ముక్కులోంచి గడ్డ తీశారని మీకు ఫోన్‌లో చెప్పారు గానీ, దాన్ని పట్టుకున్నది ఎవరో చెప్పలేదు. గాజులామె.

తాండూరు బజారులో ముప్పై ఏళ్లుగా ఆమే నాకు గాజులు తొడుగుతుంది. ఒక్కటీ చిట్లనీయదు. అలాంటిది పోయిన శ్రావణంలో నా చేతి మీద వరసగా నాలుగు పగిలాయి.

"రెండు ఎనిమిది సైజని చెప్పి చిన్నయి తెచ్చినవా?" అని గదమాయించాను.

"నా గాజులనంటవేందమ్మా? మొదట రెండు నాలుగు తొడుక్కుంటివి, పోయినేడు రెండు ఆరు. గిప్పుడు గివి గూడ ఎక్కుతలేవు. ముప్పై ఏండ్లు పట్టిన చెయ్యి, నీకన్నా నాకే ఎరుక. గీ వయసుల చెయ్యి పెరుగుతదా? డాక్టరుకు చూపియ్యి."

నేను ఊరుకుంటానా, సగం బజారు వినేలా పోట్లాడి వచ్చేశాను. అప్పటికే నా చెప్పులు పట్టక, నెలరోజులుగా మీ తాత చెప్పులేసుకుని నేను తిరుగుతున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చివరికి వికారాబాద్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఆమె నా చేతులు, దవడ చూసి స్కానింగ్ రాసింది. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాంట్లో గడ్డ లేచి, ఒంటిని పెంచే హార్మోన్‌ను కుమ్మరిస్తోందట. హైదరాబాద్‌లో ముక్కులోంచి తీశారు గానీ, రక్తనాళం పక్కన చిన్న ముక్క మిగిలింది. తీసిన గడ్డను ల్యాబుకు పంపారు. అందులో కణాలు ఒకటి రెండై జోరుగా పిల్లల్ని కంటుంటే, మిగిలినదానికి రేడియేషన్ పెట్టాలి.

రిపోర్టు కోసం మీ తాతా నేనూ వికారాబాద్ రైలెక్కాం. ధారూర్ దాటినా మీ తాత స్కానింగ్ కవరు ఒళ్లోంచి దించలేదు.

డాక్టరమ్మ కాగితం చదువుతుంటే నాకు ఆగలేదు. "బిడ్డా, ఆ గడ్డల ఎంతమంది కడుపుతోటున్నరు?"

ఆమె పకపకా నవ్వింది. "చానా తక్కువమందమ్మా. రేడియేషన్ ఇప్పుడొద్దు. స్కానింగ్ తీసుకుంట చూద్దాం. ఇంకోటి, కణం నడుమ కేంద్రకంల హార్మోన్ల మాట వినే గ్రాహకాలుంటయి. నీ గడ్డల మస్తుగున్నయి. వాటితోటి మందులేమన్న పనిచేస్తయా అని ఇంకా పరిశోధిస్తున్నరు."

"ఇంట్ల నా మాట వినేటోళ్లు లేరుగానీ, ఆ గడ్డల ఉన్నరన్నట్టు!"

మీ తాత కండువాతో ముఖం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. భుజం తడితే ఏడుస్తున్నాడు.

"లెవ్వుండ్రి, రైలుకు టైమైతుంది," అన్నాను.

"పోతే పోనియ్యి, ఇంకోటొస్తది. జర కూసోనియ్యి నన్ను."