ఈల వేసిన గొట్టం

డెబ్బైల తొలినాళ్లలో డిగ్రీ పట్టా చేతికొస్తే చాలు, ప్రకృతి రహస్యాలన్నీ కొంగున ముడేసుకున్నట్టే ఉండేది. నేనూ కోఠి కాలేజీలో ఫిజిక్స్ చదివి, ఆ బడాయితోనే నాంపల్లి స్టేషను వెనక మా మేనమామ వర్క్‌షాపులో చేరాను. మామ సినిమా హాళ్లకు చల్లగాలి గొట్టాలు అమర్చేవాడు. గొట్టాల లోపల దూది పరిచి, దానిమీద చిల్లుల రేకు బిగిస్తే ఫ్యాను రొద అందులోనే ఇంకిపోవాలి. కానీ అబిడ్స్‌లో ఒక హాలు గొట్టాలు ఈల వేస్తున్నాయి. "శుక్రవారం కొత్త బొమ్మ పడేలోపు ఈల బంద్ కాకుంటే అన్నీ పీకి రోడ్డు మీద పడేస్త" అని హాలు సేటు చెప్పి పోయాడు. అదే జరిగితే మామకు ఊళ్లో ఇంకే హాలువాళ్లూ పని ఇవ్వరు.

అందుకని ఓ పొడవాటి చెక్క గొట్టంలో అదే దూది, రేకుల అస్తరు బిగించి, ఒక చివర ఫ్యాను, పక్కన స్పీకరు, లోపల మైకు పెట్టాం. స్పీకరు మోతలో ఎంత మిగిలిందో మీటరు ముల్లు చూపిస్తుంది. దాన్నిబట్టి అస్తరు శబ్దానికి ఎంత అడ్డుపడుతుందో లెక్కకట్టాలి. (దాని పేరు ఇంపీడెన్స్. మా అత్తకు చెబితే "ఇంపైన డాన్సా? మంచిగనే ఉన్నది" అంది.) గాలి లేనప్పుడు అస్తరు బుద్ధిగా శబ్దాన్ని మింగేది. ఫ్యాను వేయగానే ముల్లు ఎగిరి కూర్చునేది. మీటరు చెడిపోయిందని పట్టభద్రురాలినైన నేను తేల్చేశాను.

గురువారం పొద్దున ఆ హోరులో మామ "హవా బంద్!" అని అరిచాడు. నాకు "ఆవాజ్ బంద్!" అని వినపడి, ఫ్యాను వదిలేసి స్పీకరు ఆపాను. ముల్లు మాత్రం దిగలేదు.

"ఏందే, ఫ్యాన్ ఆపమంటే స్పీకర్ ఆపినవ్?"

"నువ్వు ఆవాజ్ అన్నవ్ గద మామా!"

తిట్టబోయిన మామ ముల్లు చూసి ఆగిపోయాడు. "జర ఆగు బిడ్డా. స్పీకర్ బంద్ ఉన్నది గద, ఉత్త ఫ్యాన్ రొదకు ముల్లు ఇంత లేవదు. మరి ఈ మోత ఏడికెల్లి వస్తున్నది?"

స్పీకరు మోత పోయాక లోపలి ఈల విడిగా వినపడుతోంది. గొట్టం చివర నుంచి చేయి దూర్చి రేకు మీద అరచేయి పెట్టాను. ఈల తగ్గింది. తీశాను, మళ్లీ పలికింది. గాలి పైపైన రాసుకుపోతుంటే ఆ చిల్లులే పాడుతున్నాయి! శబ్దాన్ని మింగాల్సిన రేకే శబ్దాన్ని కంటోంది. నా ఒళ్లు జలదరించింది. నేను చదివిన ఏ పాఠంలోనూ గాలి ఇలా గొంతు తెచ్చుకోలేదు. మామ ఆ రేకుకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. పల్చని మల్లుగుడ్డ కప్పి చూస్తే ఈల పోయింది, ముల్లు దిగింది. వెంటనే మనుషులను పెట్టి హాలు గొట్టాలన్నిటిలోనూ రేకు మీద అదే గుడ్డ కప్పించాం.

శుక్రవారం మొదటాటకు మామ నన్ను గాలి వచ్చే జాలీ కింద కూర్చోబెట్టాడు. హీరో తెరమీదకు రాగానే ఒక్కసారిగా ఈలలు, నా గుండె ఆగినంత పనైంది. (అవి జనం ఈలలని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది.) ఆట వదిలాక మామ గుమ్మం దగ్గరే అడిగాడు.

"బొమ్మ ఎట్లున్నదే?"

"ఏం వినపడలేదు మామా!" అన్నాను, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేస్తుంటే.

ఆ సినిమా కథేమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు కూడా ఏ హాలుకు వెళ్లినా నా చూపు ముందు జాలీ మీదకే పోతుంది. "తెర అటున్నది అమ్మమ్మా" అంటూ మనవరాలు నా గడ్డం పట్టి తిప్పుతుంది.