పెట్టెను ఎవరు తిప్పాలి?

రేవులో అందరూ ఆవిడను పంతులమ్మ అంటారు. ఓడలో వచ్చిన సరుకు పెట్టెలు లారీల మీద రోడ్డున పడకుండా, పక్కనే ఉన్న రైలెక్కాలని ఆవిడ పట్టుదల. అందుకోసం రేవువాళ్లనూ రైలువాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెబుతుంది. వాళ్లేమో ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు చేరతారు. మధ్య బెంచీలు ఖాళీ. కిటికీ వైపు రేవు ముఠాకు నాయకుడు ఆవిడ భర్త, గోడ వైపు రైలు ముఠాకు నాయకుడు ఆవిడ సొంత తమ్ముడు. ఇంట్లో బావా బావమరుదుల వేళాకోళాలు, యార్డులో సిగపట్లు. వీళ్లకంటే క్రేనుకు పాఠం చెప్పుకోవడం నయమని నా దగ్గర ఎన్నిసార్లు వాపోయిందో.

పేచీ అంతా పెట్టె తలుపుల దగ్గరే. ఒక్కో వ్యాగన్ మీద రెండు పెట్టెలు పెడతారు. దారిలో ఎవరూ తెరవకుండా వాటి తలుపులు ఎదురెదురుగా ఉండాలి. అంటే రెండో పెట్టె తెచ్చే లారీని వెనక్కి తిప్పి నిలపాలి. రేవులో తిప్పాలా, రైలు దగ్గర తిప్పాలా? రెండేళ్లుగా ఇదే తగువు, రైళ్లన్నీ ఆలస్యం. ఈసారీ రైలు వేళకు కదలకపోతే క్లాసులు మూసేసి, సరుకంతా లారీలకే అప్పగిస్తామని పైవాళ్లు తేల్చేశారు.

పంతులమ్మ గొంతు పోయేలా బతిమాలింది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

తీరా రైలు నిండాక తనిఖీకి వచ్చినాయన చూస్తే, ప్రతి వ్యాగన్ మీదా రెండు పెట్టెల తలుపులూ ఒకే వైపుకి ఉన్నాయి. పంతులమ్మ పరుగున వచ్చింది.

"మీ తమ్ముడికి శ్రమెందుకని రేవులోనే తిప్పించి పంపాను," అన్నాడు భర్త.

తమ్ముడు తెల్లబోయాడు. "నీకు శ్రమెందుకని నేనిక్కడ తిప్పించాను కదా బావా."

లారీ డ్రైవర్లదేముంది, తిప్పమన్న చోటల్లా తిప్పారు. రెండుసార్లు తిరిగిన పెట్టె మళ్లీ మొదటికే వచ్చింది.

పంతులమ్మ నెత్తి పట్టుకుంది. "మీరు పోట్లాడుకున్నన్నాళ్లే నయం. ఒకరి మాట ఒకరి చెవిన పడేది."

తప్పు ఇద్దరిదీ కావడంతో దెప్పిపొడవడానికి ఎవరికీ నోరు రాలేదు. అలా తగువు లేక మిగిలిన సమయంలోనే పెట్టెలు దించి, తిప్పి, ఎక్కించారు. రైలు వేళకు కదిలింది. క్లాసులు నిలిచాయి.

ఇప్పుడు పెట్టె తిప్పేముందు అవతలివాళ్లకు ఫోన్ చేసి చెప్పాలని పంతులమ్మ నియమం పెట్టింది. బావా బావమరిదీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఇద్దరూ ఒకేసారి చేస్తారు, లైను కలవదు. లారీ మధ్యలో ఆగిపోతుంది. పంతులమ్మ దాని పక్కన నిలబడి అటూ ఇటూ చూసి అరుస్తుంది:

"ఒక్కరు చేయండి. ఎవరో ఒక్కరు!"